నోథర్‌లు ఎంతమంది, ఏ సిద్ధాంతం ఎవరిది?

ప్రశ్న ఇది: "ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదువుతున్నాను. రింగ్ థియరీలో నోథీరియన్ రింగ్ అంటున్నారు. ఆల్జీబ్రాయిక్ జామెట్రీ పుస్తకంలో మాక్స్ నోథర్ అని ఉంది. ఫిజిక్స్ చదివే నా ఫ్రెండ్ నోట్స్‌లో నోథర్ థీరమ్, స్టాటిస్టిక్స్ వాళ్ల దగ్గర నోథర్ ఫార్ములా. వీళ్లంతా ఒకరేనా? చుట్టాలా? లేక మన దగ్గర రావులు ఉన్నట్టు జర్మనీలో అదొక మామూలు పేరా?"

సూటిగా చెబితే, ఒకరు కాదు, నలుగురు. నలుగురూ ఒకే ఇంటివాళ్లు. మాక్స్ తండ్రి, ఎమ్మీ ఆయన కూతురు, ఫ్రిట్జ్ ఎమ్మీకి తమ్ముడు, గాట్‌ఫ్రీడ్ ఫ్రిట్జ్ కొడుకు. మూడు తరాల్లో నలుగురి పేర్లు గణితంలో నిలిచాయి. పుస్తకాల్లో మాత్రం నలుగురికీ కలిపి ఒకే మాట మిగిలింది. పీజీ క్లాసులకు ఆల్జీబ్రా చెప్పినన్నాళ్లూ ఈ సందేహం ఏటా ఎవరో ఒకరు అడుగుతూనే ఉండేవాళ్లు. అడగని వాళ్లు అన్నిటినీ ఎమ్మీ ఖాతాలో వేసేసి పరీక్ష రాసేవాళ్లు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. ఇది జర్మనీలో చాలా అరుదైన ఇంటిపేరు. మ్యూలర్, ష్మిట్ లాంటివి వృత్తుల వల్ల వచ్చిన పేర్లు. ఊరూరా ఎవరికి వాళ్లు పెట్టుకున్నారు కాబట్టి ఇద్దరు ష్మిట్‌లు కనిపిస్తే చుట్టాలని అనుకోవడానికి వీల్లేదు. నోథర్ కథ వేరు. 1809 దాకా జర్మనీలోని బాడెన్ సంస్థానంలో యూదులు చాలామందికి స్థిరమైన ఇంటిపేరు ఉండేది కాదు. తన పేరు పక్కన తండ్రి పేరు పెట్టుకునేవాళ్లు, అంతే. ఆ ఏడాది ప్రభుత్వం ఒక శాసనం తెచ్చింది. యూదులకు కొన్ని పౌర హక్కులు ఇస్తూనే, ప్రతి కుటుంబం తరతరాలకూ నిలిచే ఇంటిపేరు ఒకటి పెట్టుకుని తీరాలని చెప్పింది. అలా బ్రుక్సాల్ ఊళ్లో ఏలియాస్ సామ్యూల్ అనే ఆయన కుటుంబం నోథర్ అని పేరు తీసుకుంది. అంటే ఈ పేరు ఫలానా ఏడాది, ఫలానా ఇంట్లో మొదలైందని రికార్డుల్లో చూపించగలం. ఇంటిపేర్లలో ఇంత స్పష్టంగా మూలం దొరకడం చాలా తక్కువ.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. పేరు అరుదుగా ఉంది కదా అని చుట్టరికం దానంతట అది రుజువైపోదు. వేరే ఊళ్లో ఇంకెవరో అదే పేరు పెట్టుకుని ఉండవచ్చు, రాసేటప్పుడు అక్షరం మారి ఉండవచ్చు. ఈ నలుగురి విషయంలో మనం పేరు చూసి ఊహించడం లేదు. పుట్టిన ఊళ్లు, తేదీలు, తల్లిదండ్రుల పేర్లు అన్నీ నమోదై ఉన్నాయి కాబట్టి చెబుతున్నాం.

ఉచ్చారణ కూడా అడుగుతుంటారు. మన క్లాసుల్లో నోథర్ అనే అంటాం, నేనూ అదే రాస్తున్నాను. జర్మన్లు పలికేది వేరు. 'నేటర్' అనబోతూ పెదాలు గుండ్రంగా చుట్టండి, దాదాపు అదే. మొదటి అచ్చు మీద రెండు చుక్కలు పెట్టి రాసే పద్ధతి ఒకటి, చుక్కలు తీసేసి పక్కన ఇంకో అక్షరం చేర్చే పద్ధతి ఒకటి. కాబట్టి రెండు స్పెల్లింగులు కనిపిస్తే ఇద్దరు మనుషులనుకోకండి.

ఇంట్లో మొదట గణితం లేదు, ఇనుము వ్యాపారం ఉంది. ఏలియాస్ కొడుకుల్లో హెర్మన్ బ్రుక్సాల్ వదిలి మన్‌హైమ్ వెళ్లారు. అక్కడ 1837లో అన్న జోసెఫ్‌తో కలిసి ఇనుము టోకు వ్యాపారం పెట్టారు. నాజీలు వచ్చేదాకా, దాదాపు వందేళ్లు, ఆ సంస్థ నడిచింది. ఆ హెర్మన్ కొడుకే మాక్స్.

మాక్స్ నోథర్ 1844 సెప్టెంబర్ 24న మన్‌హైమ్‌లో పుట్టారు. పద్నాలుగో ఏట పోలియో వచ్చింది. ఒక కాలు జీవితాంతం సరిగ్గా పని చేయలేదు. కొన్నాళ్లు బడికి వెళ్లడం కుదరక ఇంట్లోనే చదువు. గణితంలో చాలా భాగం తనంతట తానే నేర్చుకుని, 1865లో హైడల్‌బర్గ్ యూనివర్సిటీకి వెళ్లారు. 1868లో డాక్టరేట్ వచ్చింది. 1875లో ఎర్లాంగెన్ యూనివర్సిటీలో చేరారు, 1888లో పూర్తి ప్రొఫెసర్ అయ్యారు, ఆ తర్వాత ఇక ఆ ఊరు వదల్లేదు. 1921 డిసెంబర్ 13న పోయారు.

ఎమ్మీ తండ్రి అన్న ఒక్క మాటతో మాక్స్‌ని దాటేయడం అన్యాయం. బీజీయ వక్రాల (బహుపది సమీకరణాలతో వచ్చే వక్రాల) సిద్ధాంతానికి పునాది వేసినవాళ్లలో ఆయన ముఖ్యుడు. 1873లో ఆయన ప్రచురించిన సిద్ధాంతాన్ని ఇప్పుడు ఏఎఫ్ ప్లస్ బీజీ థీరమ్ అంటున్నాం. పేరు చూసి భయపడనక్కర్లేదు. రెండు శాంకవాలు నాలుగు వేర్వేరు బిందువుల దగ్గర ఖండించుకున్నాయనుకోండి. ఆ నాలుగు బిందువుల మీదుగా పోయే మూడో శాంకవం ఏది తీసుకున్నా, దాని సమీకరణం మొదటి రెండు సమీకరణాలనూ ఏవో స్థిరాంకాలతో గుణించి కలిపితే వస్తుంది. కాగితం మీద ఒకసారి వేసి చూడండి. ఒక వృత్తం, ఒక దీర్ఘవృత్తం తీసుకుంటే చాలు. మాక్స్ చేసింది ఏమిటంటే, ఏ డిగ్రీ వక్రాలకైనా, అవి అడ్డదిడ్డంగా తాకినా ఖండించుకున్నా, ఎప్పుడు ఇలా రాయగలమో కచ్చితమైన షరతు చెప్పడం. ఈసారి గుణించేవి స్థిరాంకాలు కావు, బహుపదులు. పేరులోని ఏ, బీ అవే; ఎఫ్, జీ మొదటి రెండు వక్రాల సమీకరణాలు. మర్నాటి ఏడాది, 1874లో, అలెగ్జాండర్ బ్రిల్‌తో కలిసి రాసిన పెద్ద వ్యాసం నుంచి బ్రిల్–నోథర్ థియరీ వచ్చింది. అందులో ఇప్పటికీ పరిశోధన జరుగుతోంది. ఉపరితలాల దగ్గర కనిపించే నోథర్ ఫార్ములా, నోథర్ ఇనీక్వాలిటీ, ఆ తర్వాత నోథర్–లెఫ్షెట్జ్ థీరమ్, వీటిలో ఉన్న నోథర్ కూడా మాక్సే.

1880లో ఆయన ఇడా కౌఫ్‌మన్‌ను పెళ్లి చేసుకున్నారు. నలుగురు పిల్లలు. పెద్దది ఎమ్మీ, తర్వాత ముగ్గురు మగపిల్లలు. ఆల్‌ఫ్రెడ్ 1909లో ఎర్లాంగెన్‌లోనే కెమిస్ట్రీలో డాక్టరేట్ తీసుకుని 1918లో చనిపోయారు. చివరివాడు గుస్తావ్ రాబర్ట్, ఎప్పుడూ అనారోగ్యమే, 1928లో పోయారు. మిగిలిన ఇద్దరే ఎమ్మీ, ఫ్రిట్జ్.

ఎమ్మీ గురించి మీకు చాలావరకు తెలిసే ఉంటుంది. అయినా రెండు మూడు సంగతులు చెప్పకుండా ఉండలేను. 1882 మార్చి 23న ఎర్లాంగెన్‌లో పుట్టారు. 1900లో ఇంగ్లీష్, ఫ్రెంచ్ టీచరు పరీక్ష పాసయ్యారు. హాయిగా ఆడపిల్లల బడిలో ఉద్యోగం చేసుకోవచ్చు. చేరలేదు. యూనివర్సిటీలో క్లాసులు వినడానికి వెళ్లారు. అప్పట్లో ఆడవాళ్లకు అక్కడ అడ్మిషన్ లేదు, ప్రొఫెసర్ ఒప్పుకుంటే కూర్చుని వినవచ్చు, అంతే. 1904లో నిబంధన మారాక పేరు నమోదు చేయించుకుని, 1907లో పాల్ గోర్డాన్ దగ్గర డాక్టరేట్ తెచ్చుకున్నారు. ఆ థీసిస్ చివర మూడు చలరాశుల నాలుగో డిగ్రీ రూపాలకు 331 ఇన్వేరియంట్‌ల (చలరాశులు మార్చి రాసినా మారని రాశుల) జాబితా ఉంటుంది, అన్నీ చేతి లెక్కలే. తర్వాతి రోజుల్లో ఆ లెక్కల గుట్టను ఆమే తీసిపారేశారు. కానీ అంత లెక్క చేతులారా చేసిన మనిషి కాబట్టే, లెక్క అవసరం లేని దారి ఎక్కడుందో ఆమెకు కనబడిందని నా నమ్మకం.

1908 నుంచి 1915 దాకా ఎర్లాంగెన్‌లో జీతం లేకుండా పని చేశారు. తండ్రికి ఒంట్లో బాగోలేనప్పుడు ఆయన బదులు క్లాసులు చెప్పారు. 1915లో గోటింగెన్ యూనివర్సిటీలోని పేరున్న గణితజ్ఞులు హిల్బర్ట్, క్లైన్ అక్కడికి పిలిచారు. అక్కడా ఇదే తంతు. ఆడమనిషికి లెక్చరర్ హోదా ఎలా ఇస్తామని కొందరు ప్రొఫెసర్లు అడ్డం పడ్డారు. దాంతో కొన్నేళ్లు ఆమె క్లాసులు హిల్బర్ట్ పేరు మీద ప్రకటించి, ఆమెను సహాయకురాలిగా చూపించేవాళ్లు. హోదా 1919లో వచ్చింది. చిన్న జీతమైనా మొదలైంది 1923లో. అప్పటికి ఆమె వయసు నలభై దాటింది, భౌతికశాస్త్రాన్ని మార్చేసిన సిద్ధాంతం అచ్చయి అయిదేళ్లయింది.

మీ ఫ్రెండ్ నోట్స్‌లో ఉన్నది ఆ సిద్ధాంతమే. 1918 జూలైలో గోటింగెన్ అకాడమీ ముందుకు వచ్చింది. ఆమె సభ్యురాలు కాదు కాబట్టి క్లైన్ సమర్పించారు. ఐన్‌స్టైన్ సాధారణ సాపేక్షతా సిద్ధాంతంలో శక్తి నిత్యత్వం ఎలా అర్థం చేసుకోవాలన్నది హిల్బర్ట్‌కీ క్లైన్‌కీ కొరుకుడు పడని విషయం. ఎమ్మీ దాన్ని ఒక్క సాపేక్షతకే కాదు, వేరియేషనల్ సూత్రం (ఒక రాశి కనిష్ఠం లాంటి స్థితిలో ఉండాలనే సూత్రం) నుంచి వచ్చే నియమాలన్నిటికీ తేల్చేశారు. ఒక వ్యవస్థ నియమాలు నిన్న ఎలా ఉన్నాయో రేపూ అలాగే ఉంటే, శక్తి నిలకడగా ఉంటుంది. ఇక్కడ ఎలా ఉన్నాయో నాలుగు అడుగుల అవతలా అలాగే ఉంటే, ద్రవ్యవేగం నిలకడగా ఉంటుంది. ఏ దిక్కుకు తిప్పినా మారకపోతే, కోణీయ ద్రవ్యవేగం. అంతకుముందు ఈ మూడూ మూడు వేరువేరు నియమాల్లా చదివేవాళ్లు. ఆమె తర్వాత అవి ఒకే వాక్యానికి మూడు ఉదాహరణలు అయ్యాయి. ఆ వ్యాసంలో నిజానికి రెండు సిద్ధాంతాలున్నాయి. క్లాసులో చెప్పేది మొదటిది. సాపేక్షత చిక్కు విప్పింది రెండోది. మీ ఫ్రెండ్‌ని రెండోది కూడా చదవమనండి.

మీ నోథీరియన్ రింగ్ 1921 నాటి వ్యాసంలోది. రింగ్ అంటే పూర్ణసంఖ్యల్లో లాగా కూడిక, తీసివేత, గుణకారం చేయగల వ్యవస్థ. పూర్ణసంఖ్యలతో చూద్దాం. 24 గుణిజాలన్నీ ఒక ఐడియల్, అంటే లోపలివాటిని కలిపినా, రింగ్‌లో దేనితో గుణించినా లోపలే ఉండిపోయే గుంపు. 12 గుణిజాలు తీసుకుంటే 24వి అందులో ఇమిడిపోతాయి. తర్వాత 6, తర్వాత 3, తర్వాత 1. ఇంక పైకి మెట్టు లేదు. పూర్ణసంఖ్యల్లో ఏ ఐడియల్ దగ్గర మొదలుపెట్టినా ఇలా పెరిగే వరుస ఎక్కడో ఒకచోట ఆగి తీరుతుంది. ఈ గుణమున్న రింగే నోథీరియన్ రింగ్. ఈ ఒక్క గుణం ఉంటే చాలు, ఎన్నో ఫలితాలు వాటంతట అవే వస్తాయని ఎమ్మీ చూపించారు. ఇది ఎక్కడ తప్పుతుందో కూడా చూడండి. అనంతంగా చలరాశులున్న బహుపదుల రింగ్ తీసుకుని, మొదటి చలరాశితో ఒక ఐడియల్, మొదటి రెంటితో ఇంకొకటి, మొదటి మూడింటితో మరొకటి, ఇలా వెళ్తే ఆ వరుస ఎప్పటికీ ఆగదు. వైవాలో నోథీరియన్ కాని రింగ్ చెప్పమంటే ఇది చెప్పండి.

లాస్కర్–నోథర్, స్కోలెమ్–నోథర్, బ్రౌయర్–హాసె–నోథర్, నోథర్ నార్మలైజేషన్ లెమ్మా, అన్నీ ఎమ్మీవే. 1932లో జ్యూరిక్ అంతర్జాతీయ గణిత కాంగ్రెస్‌లో ప్లీనరీ ఉపన్యాసం ఇచ్చిన మొదటి మహిళ ఆమె. ఆ మరుసటి ఏప్రిల్‌లో యూదురాలని గోటింగెన్ నుంచి తీసేశారు. అమెరికాలోని బ్రిన్ మార్ మహిళా కాలేజీలో చోటు దొరికింది. అక్కడ రెండేళ్లు కూడా నిండకుండానే, ఒక ఆపరేషన్ తర్వాత 1935 ఏప్రిల్ 14న చనిపోయారు. వయసు 53. గోటింగెన్‌లో ఆమె సహోద్యోగి ఎడ్మండ్ లాండావ్ ఒక మాట అన్నారని చెబుతారు: నోథర్ కుటుంబానికి మూలబిందువు ఎమ్మీ అని. తండ్రిని కూతురి వైపు నుంచి కొలవాలన్నమాట. గొప్ప ప్రశంసే, ఆమెకు తగినదే. కానీ ఆ వెలుగులో మరుగున పడిపోయిన మనిషి ఒకరున్నారు. ఆయన గురించే నేను ఎక్కువ చెప్పాలనుకుంటున్నాను.

ఫ్రిట్జ్ నోథర్ 1884 అక్టోబర్ 7న ఎర్లాంగెన్‌లో పుట్టారు. అక్క శుద్ధ గణితం వైపు వెళ్తే ఈయన అప్లైడ్ వైపు వెళ్లారు. 1909లో మ్యూనిక్‌లో డాక్టరేట్. బొంగరం గతి మీద క్లైన్, సోమర్‌ఫెల్డ్ రాసిన నాలుగు భాగాల పెద్ద గ్రంథంలో చివరి భాగానికి పని చేశారు. కార్ల్స్‌రూయెలో పాఠాలు చెప్పారు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యంలో పోరాడి, గాయపడి, ఐరన్ క్రాస్ పతకం అందుకున్నారు. ఈ పతకం సంగతి గుర్తుంచుకోండి.

1921లో ఆయన రాసిన వ్యాసం ఒకటి ఉంది, సింగ్యులర్ ఇంటిగ్రల్ సమీకరణాల మీద (తెలియని ఫంక్షన్ ఇంటిగ్రల్ గుర్తు లోపల ఉండే సమీకరణాల్లో ఒక రకం). ఫ్రెడ్‌హోమ్ అనే గణితజ్ఞుడి పాత సిద్ధాంతంలో ఒక సమీకరణానికి ఎన్ని స్వతంత్ర పరిష్కారాలుంటే, దానికి జతగా ఉండే అడ్జాయింట్ సమీకరణానికీ సరిగ్గా అన్నే ఉంటాయి. తేడా సున్నా. ఫ్రిట్జ్ తీసుకున్న సమీకరణాల్లో ఆ తేడా సున్నా కానక్కర్లేదు. అంతకన్నా ముఖ్యమైనది, ఆ తేడా ఎంతో చెప్పడానికి సమీకరణాన్ని సాధించనక్కర్లేదు. సమీకరణంలోని గుణకాల నుంచి వచ్చే ఒక వక్రం మూలబిందువు చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెడితే చాలు. విశ్లేషణకు సంబంధించిన సంఖ్య ఒకటి, బొమ్మ గీసి లెక్కపెట్టగల సంఖ్య ఒకటి, రెండూ ఒకటే. దీన్నే ఇండెక్స్ అంటారు. నలభై ఏళ్ల తర్వాత, 1963లో, అటియా, సింగర్ ప్రకటించిన ఇండెక్స్ థీరమ్ ఇరవయ్యో శతాబ్దపు గొప్ప సిద్ధాంతాల్లో ఒకటి. ఆ దారిలో మొదటి అడుగు ఫ్రిట్జ్‌ది. దీని ప్రాముఖ్యం రష్యన్ గణితజ్ఞులు బాగా గుర్తించారు. ప్రపంచమంతా ఫ్రెడ్‌హోమ్ ఆపరేటర్ అనేదాన్ని వాళ్లు నోథర్ ఆపరేటర్ అనేవాళ్లు. ఒకప్పుడు విశాలాంధ్ర బుక్‌హౌస్‌లలో చవగ్గా దొరికిన మీర్ పబ్లిషర్స్ పుస్తకాలు మీ కాలేజీ లైబ్రరీలో ఉంటే, ఈ పేరు కనిపించవచ్చు. చదివేవాళ్లు సహజంగా ఎమ్మీ అనుకుంటారు. కాదు, తమ్ముడు.

ఆయన ఇంకో చోట కూడా కనిపిస్తారు. ప్రవాహాలు ఎప్పుడు అల్లకల్లోలంగా మారతాయన్నది భౌతికశాస్త్రవేత్త హైసెన్‌బర్గ్ డాక్టరేట్ విషయం, 1923లో. 1926లో ఫ్రిట్జ్ ఆ ఫలితాన్ని గట్టిగా ప్రశ్నించారు. ఆ వాదన చాలాకాలం తెగలేదు. 1940లలో సి. సి. లిన్ చేసిన లెక్కలతో హైసెన్‌బర్గ్ వైపు మొగ్గింది. ఇందులో ఫ్రిట్జ్‌కి చిన్నతనం ఏమీ లేదు. ఆయన అడ్డుపడ్డారు కాబట్టే ఆ గణితాన్ని సరిగ్గా కట్టాల్సి వచ్చింది.

1922 నుంచి బ్రెస్లావ్ టెక్నికల్ యూనివర్సిటీలో ప్రొఫెసర్. 1933లో నాజీలు యూదు ఉద్యోగులను తీసేసే చట్టం తెచ్చినప్పుడు, యుద్ధంలో ముందు వరుసలో పోరాడినవాళ్లకు మినహాయింపు ఇచ్చారు. ఆ ఐరన్ క్రాస్ వల్ల ఫ్రిట్జ్‌కి మొదట ఉద్యోగం నిలబడింది. ఎక్కువ రోజులు కాదు. నాజీ విద్యార్థులు ఊరుకోలేదు, ఆయన తప్పుకోవాల్సి వచ్చింది. 1934లో సైబీరియాలోని తోమ్స్క్‌లో గణిత సంస్థ పిలిస్తే భార్యనూ ఇద్దరు కొడుకులనూ తీసుకుని వెళ్లారు. ఆ వేసవిలో ఎమ్మీ అమెరికా నుంచి జర్మనీ వచ్చి తమ్ముణ్ణి చూసి వెళ్లారు. అక్కాతమ్ముళ్లు కలుసుకోవడం అదే ఆఖరు. ఫ్రిట్జ్‌కి 1935లో అక్క పోయారు, ఆ ఏడాదే భార్య రెజీనా కూడా పోయారు.

1936లో ఓస్లోలో జరిగిన గణిత కాంగ్రెస్‌కి వెళ్లివచ్చారు. 1937 నవంబర్‌లో తోమ్స్క్‌లో అరెస్టు చేశారు. జర్మన్ గూఢచారి అని ఆరోపణ. జర్మనీ యూదుడని తరిమేసిన మనిషి మీద జర్మనీ కోసం పని చేశాడన్న నేరం మోపారు! 1938 అక్టోబర్‌లో 25 ఏళ్ల శిక్ష వేశారు. దానికి ముందు ఐన్‌స్టైన్ సోవియట్ విదేశాంగ మంత్రి లిత్వినోవ్‌కి స్వయంగా ఉత్తరం రాసి, ఫ్రిట్జ్‌ని తనకు తెలుసని, అలాంటి మనిషి కాదని చెప్పారు. ఫలితం లేదు. హిట్లర్ సైన్యం దూసుకొస్తున్న రోజుల్లో, 1941 సెప్టెంబర్ 10న, ఓర్యోల్‌లో ఆయనను కాల్చి చంపారు. వయసు 56. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

కొడుకులిద్దరినీ 1938లో సోవియట్ నుంచి వెళ్లగొట్టారు. స్వీడన్ మీదుగా అమెరికా చేరారు. పెద్దవాడు హెర్మన్ కెమిస్ట్ అయ్యారు. చిన్నవాడు గాట్‌ఫ్రీడ్ స్టాటిస్టిక్స్‌లోకి వెళ్లారు. 1985లో గాట్‌ఫ్రీడ్ ఒక గణిత పత్రికలో తండ్రి గురించి చిన్న జ్ఞాపక వ్యాసం రాశారు. దాని శీర్షికలో తండ్రి పేరు పక్కన బ్రాకెట్లో ఇలా ఉంటుంది: 1884–194? ప్రశ్నార్థకం అచ్చుతప్పు కాదు. నాన్న పోయారని తెలుసు, ఎప్పుడు పోయారో తెలియదు. కొడుకు డెబ్బయ్యో ఏట, అరెస్టయిన నలభై ఎనిమిదేళ్లకు కూడా తెలియదు. 1988 డిసెంబర్‌లో సోవియట్ సుప్రీంకోర్టు పాత తీర్పును కొట్టేసి, ఫ్రిట్జ్ నిర్దోషి అని ప్రకటించింది. ఆ తర్వాతే తేదీ బయటికొచ్చింది. కొడుకులిద్దరూ అప్పటికి బతికే ఉన్నారు.

మీరు స్టాటిస్టిక్స్ వాళ్ల దగ్గర చూసిన నోథర్ ఈ గాట్‌ఫ్రీడే. 1915లో కార్ల్స్‌రూయెలో పుట్టి 1991లో అమెరికాలో పోయారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో చేసి, 1949లో కొలంబియాలో డాక్టరేట్ తీసుకుని, బోస్టన్‌లోనూ తర్వాత కనెక్టికట్ యూనివర్సిటీలోనూ పాఠాలు చెప్పారు. ఆయన రంగం నాన్‌పారామెట్రిక్ పద్ధతులు. అంటే డేటా నార్మల్ డిస్ట్రిబ్యూషన్‌లో ఉందని ముందే అనుకోకుండా చేసే పరీక్షలు. అలా అనుకోకపోతే ఎంత నష్టం? దీన్ని కొలిచే పద్ధతి పిట్‌మన్ అనే స్టాటిస్టిషియన్ మొదలుపెట్టారు. 1955లో గాట్‌ఫ్రీడ్ దాన్ని ఇంకా విస్తరించారు. అందుకే పిట్‌మన్–నోథర్ ఎఫిషియెన్సీ అంటారు. సైన్ టెస్ట్, విల్‌కాక్సన్ టెస్ట్ ఇలాంటివి; టీ టెస్ట్ నార్మల్ అనుకుని చేసేది. డేటా నిజంగానే నార్మల్‌గా ఉంటే, సైన్ టెస్ట్ సామర్థ్యం టీ టెస్ట్‌లో 64 శాతం వరకే. విల్‌కాక్సన్ టెస్ట్‌ది 95 శాతం పైమాటే. ఆ రెండో అంకె చూడండి. నార్మల్ అన్న ఊహ వదిలేసినందుకు చెల్లించే మూల్యం అయిదు శాతం కూడా లేదు. ఇక ఊహ తప్పయితే టీ టెస్ట్ కన్నా విల్‌కాక్సనే మెరుగ్గా పని చేసే సందర్భాలు ఎన్నో. 1987లో ఇలాంటి పరీక్షలకు ఎన్ని శాంపిల్స్ తీసుకోవాలో చెప్పే ఫార్ములా ఇచ్చారు. మందుల పరీక్షల ప్లానింగ్‌లో ఇప్పటికీ వాడతారు. మీ వాళ్లు చూపించింది బహుశా అదే.

ఇక రోజువారీ చదువుకి పనికొచ్చే కిటుకు. ఎక్కడైనా ఉత్త నోథర్ అని కనిపిస్తే ముందు ఏడాది చూడండి. 1907కి ముందుదైతే మాక్సే, ఎందుకంటే ఎమ్మీకి అప్పటికి డాక్టరేట్ కూడా రాలేదు. వక్రాలు, ఉపరితలాలు అంటే దాదాపు ఎప్పుడూ మాక్స్. రింగ్‌లు, ఐడియల్స్, ఇన్వేరియంట్‌లు, నిత్యత్వ నియమాలు ఎమ్మీ. ఆపరేటర్, ఇండెక్స్, ప్రవాహాలు అంటే ఫ్రిట్జ్. శాంపిల్ సైజ్, ర్యాంక్ టెస్ట్ అంటే గాట్‌ఫ్రీడ్. ఇబ్బంది పెట్టేవి రెండు. నోథర్ నార్మలైజేషన్ జామెట్రీ పుస్తకంలో ఉంటుంది, కానీ ఎమ్మీది. మాక్స్ ఏఎఫ్ ప్లస్ బీజీ థీరమ్‌ని ఇప్పటి పుస్తకాల్లో రింగ్‌ల భాషలో, కూతురి పరికరాలతో నిరూపిస్తారు, కానీ సిద్ధాంతం తండ్రిది. ఈ రెంటి దగ్గరే ఎక్కువమంది తడబడతారు.

చంద్రుడి అవతలి వైపు బిలానికి, 7001 నంబరు గ్రహశకలానికి పెట్టిన పేరు ఎమ్మీదే. జర్మనీలో యువ పరిశోధకులకిచ్చే ఎమ్మీ నోథర్ గ్రాంట్ గురించి, పీహెచ్‌డీ తర్వాత అటు వెళ్లే ఆలోచన ఉంటే ఇప్పుడే తెలుసుకుని పెట్టుకోండి. అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ ఇచ్చే నోథర్ అవార్డు మాత్రం గాట్‌ఫ్రీడ్ పేరు మీదిది.

డిసర్టేషన్ రాస్తున్నట్టయితే రిఫరెన్సుల్లో ఉత్త ఇంటిపేరు వేయకండి. ఎం. నోథర్, ఇ. నోథర్, ఎఫ్. నోథర్, జి. ఇ. నోథర్ అని ఇనీషియల్‌తో సహా రాయండి. ఇండెక్స్ థియరీ ఎక్కడైనా ప్రస్తావిస్తే 1921 వ్యాసాన్ని ఫ్రిట్జ్ పేరుతో తప్పకుండా చేర్చండి. గైడ్ అడిగితే కారణం పైన ఉంది, చూపించండి.